పాత డేటాబేసులో మా పెళ్లిరోజు

మా చర్చి సెక్రటరీ మా ఇంటికొస్తే గేటు దాటి లోపలికి రాడు. మా ఆయన ఉన్నప్పుడు నేరుగా వంటింటి గుమ్మం దాకా వచ్చి, "అక్కా, కాఫీ ఉండాదా?" అని అడిగిన మనిషే. ఇప్పుడు ఒంటరి ఆడమనిషి ఇల్లు కదా, మర్యాద. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన వీధిలో నిలబడి గేటు ఊచల మధ్య నుంచి మాట్లాడతాడు, నేను వరండాలో నిలబడి అరుస్తాను, ఎదురింటివాళ్లు అంతా శ్రద్ధగా వింటారు. మర్యాదంటే ఇదీ!

ఆ రోజు కూడా అలాగే నిలబడ్డాడు. "అక్కా, చర్చిలో టీవీ పెట్టినాం గదా. పుట్టినరోజులు, పెండ్లిరోజులు ఇంక కాగితం చూసి చదివేదెందుకు? అన్నీ టీవీలో పడాల, ఫోన్లకి మెసేజీలు పోవాల. పాత కంప్యూటర్లో అందరి వివరాలూ ఉండాయి. దాన్ని కొత్తదానికి తగిలించెయ్. నీకైతే అయిదు నిమిషాల పని."

కంప్యూటర్ ముట్టుకోని ప్రతి మనిషికీ అది అయిదు నిమిషాల పనే. నా ఉద్యోగమే వెబ్ అప్లికేషన్లు రాయడం కాబట్టి తప్పించుకోలేను. చెన్నైలో కంపెనీ, బోగోలులో నేను. మా ఆయనకు ఇక్కడి హైస్కూల్లో ఉద్యోగం కావడంతో పెళ్లయ్యాక ఇక్కడికే వచ్చేశాను, ఇంట్లో కూర్చునే పని చేస్తున్నాను. మాకు పిల్లలు లేరు. ఆయన గుండె ఆగి పోయాక ఈ ఇంట్లో మాటలంటే హెడ్‌ఫోన్లో వినిపించేవే. అవి కూడా, ఆ ఎర్రర్ పోయిందా, ఈ పేజీ తెరుచుకుందా, అంతే. సాయంత్రం హెడ్‌ఫోన్ తీసేస్తే ఫ్యాను చప్పుడు ఒక్కసారిగా పెద్దదవుతుంది. చేపల పులుసు పెట్టుకోవడం మానేశాను. ఒక్కరికోసం పెడితే అది కుదరదు, ఎంత చింతపండు పిండాలో చేతికి తెలియదు.

"చేస్తాలే" అన్నాను.

సెక్రటరీ వెంటనే కదల్లేదు. గేటు గడియ వైపు చూస్తూ, "చనిపోయినోళ్ల పేర్లు మాత్రం టీవీలో పడకూడదక్కా. బాగుండదు" అన్నాడు. అని నా మొహం చూడకుండా బండెక్కి వెళ్లిపోయాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను అక్కడే నిలబడిపోయాను. ఆయన ఎవరి గురించి అన్నాడో నాకు తెలుసు.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఆదివారం ప్రసంగానికి ముందు, ఆ వారంలో పుట్టినరోజులు, పెళ్లిరోజులు ఉన్నవాళ్ల పేర్లు సెక్రటరీ చదువుతాడు. పేరు వినిపించినవాళ్లు ముందుకు వెళ్లి నిలబడాలి, కానుక కవరు ఇవ్వాలి, పాస్టర్ అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. పెళ్లిరోజైతే భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన నిలబడాలి. మామూలుగా మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు కూర్చునే మా సంఘంలో, మొగుడూ పెళ్లాం నలుగురి ముందు ఒకచోట నిలబడేది ఆ ఒక్కసారే. మా ఆయనకు అది మహా ఇబ్బంది. పొట్టకు అడ్డంగా పాటల పుస్తకం పట్టుకుని, పెదవి కదపకుండా నా చెవిలో ఏటేటా ఒకటే మాట అనేవాడు: "మనం ఏం నేరం చేసినామని నిలబెట్టినారు?" నవ్వు ఆపుకోలేక నేను చీర కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. ప్రార్థనలో ఏడుస్తున్నాననుకుని అయ్యగారు ఇంకాస్త పొడిగించేవారు.

ఆయన పోయాక మా పెళ్లిరోజు వచ్చిన మొదటి ఆదివారం, ఎప్పటిలాగే నేను ఆడవాళ్ల వైపు కూర్చుని ఉన్నాను. సెక్రటరీ ఉన్నట్టుండి మా ఇద్దరి పేర్లూ చదివేశాడు. శనివారం ఆ పాత కంప్యూటర్ అచ్చేసిన కాగితం, అందులో ఏముంటే అది చదవడం ఆయనకు అలవాటు. చదివాక నాలుక కరుచుకున్నాడు. నేను లేవలేదు. తల కూడా ఎత్తలేదు. ఆయన గబగబా తర్వాతి పేరుకు వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఏటా ఆ ఆదివారం నాకు నెల్లూరులో పని పడుతుంది. పనేం లేదు. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, ఏదో హోటల్లో టిఫిన్ తిని, కొట్లు చూసుకుంటూ తిరిగి, చర్చి వదిలే వేళ దాటాక తిరిగొస్తాను. ఇక్కడ నా పేరూ ఆయన పేరూ కలిపి చదివారో లేదో నేనెవరినీ అడగలేదు, నాకెవరూ చెప్పలేదు. కానీ ఆ కాగితంలో ఏటా ఒక రోజు మేమిద్దరం ఒకే వరుసలో ఉంటామని మాత్రం నాకు తెలుసు. ఆ వరుస ఇప్పుడు నా చేతికి వచ్చింది. ఉంచాలన్నా తుడిచెయ్యాలన్నా నేనే.

పాత కంప్యూటర్ చర్చి వెనకాల ఆఫీసు గదిలో ఉంటుంది. దానికి పాత తెర గుడ్డతో కుట్టిన ముసుగు. సముద్రపు గాలికి వెనకున్న స్క్రూలన్నీ తుప్పు పట్టి, వైరు గుచ్చితే ఎర్రపొడి రాలింది. బాప్తిస్మం సర్టిఫికెట్లూ, పెళ్లి ఉత్తరాలూ ఇప్పటికీ అందులోనే అచ్చేస్తారు కాబట్టి దాన్ని ఆపడానికి వీల్లేదు. అది బతికే ఉండాలి, నేను రాసే కొత్త అప్లికేషన్ దాని డేటాబేసులోంచే చదువుకోవాలి. ఆ ప్రోగ్రాం రాసినాయన ఎప్పుడో నెల్లూరులో కంప్యూటర్ సెంటర్ నడిపేవాడట. ఆ సెంటరూ లేదు, ఆయన ఎక్కడున్నాడో చెప్పేవాళ్లూ లేరు.

నేను వాడే వెబ్ ఫ్రేమ్‌వర్క్ కొత్త ఇల్లు కట్టే మేస్త్రి లాంటిది. దాని పద్ధతంతా తన పునాది తానే తవ్వుకోవడం. పట్టికలు తానే సృష్టిస్తుంది, వాటికి తనకు నచ్చిన పేర్లు పెడుతుంది. అలాంటిదాన్ని పాత డేటాబేసుకు తగిలించాలంటే ముందు చెప్పాల్సిన మాట, "ఈ పట్టికలు నీవి కావు, చదువుకో, ముట్టుకోకు" అని. అది ఒక్క లైను రాస్తే చాలు. పాత పట్టికలను చూసి తనకు అర్థమైనంత తానే రాసిపెట్టే కమాండ్ కూడా ఒకటుంది. అది రాసింది చూస్తే నాకు తలప్రాణం తోకకొచ్చింది.

కుటుంబాల పట్టికలో ప్రతి ఇంటికీ ఒక నంబరు ఉండాలని ఫ్రేమ్‌వర్క్ పట్టు. ఇక్కడ వీధి ఒక గడిలో, ఆ వీధిలో ఎన్నో ఇల్లో ఇంకో గడిలో. రెండూ కలిపితేనే ఒక ఇల్లు. సరే, దాన్నెలాగో బతిమాలాను. తర్వాత పేర్లు. తెలుగు పేర్లే, కానీ యూనికోడ్ రాకముందు వాడిన ఏదో ఫాంటులో కొట్టినవి. ఆ ఫాంటు లేకపోతే తెరమీద అన్నీ పిచ్చిగీతలు, కొక్కేలు, ప్రశ్నగుర్తులు. "వీడి చేతులు పడిపోనూ!" అని ఆ ఊరూపేరూ తెలియని ప్రోగ్రామర్ని తిట్టుకుంటూ, ఏ గీత ఏ అక్షరమో జతచేసుకుంటూ కూర్చున్నాను. డేటాబేసు నకలు ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను, కంపెనీ పని అయ్యాక సాయంత్రాలు అదే పని. ఇంతకీ నాకు అంతకంటే వేరే రాచకార్యాలు ఏమున్నాయి గనక.

తిట్టినా, రానురాను ఆయనతో నాకు ఒక సాన్నిహిత్యం ఏర్పడింది. పట్టికలకు తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాడు. కుటుంబం, మనిషి, పెళ్లి, సమాధి. సభ్యులు అనలేదు, మనిషి అన్నాడు. ఇంటిపెద్ద దగ్గర ఆడవాళ్ల పేరు పెట్టడానికీ ఒప్పుకున్నాడు. ఒకచోట ప్రోగ్రాంలో, 'ఇక్కడ మార్చొద్దు, మార్చితే అమ్మగారు కోప్పడతారు' అని రాసుకున్నాడు. అప్పటి పాస్టరుగారి భార్య అయి ఉండాలి. నేను ఒక్కదాన్నే కూర్చుని పైకే నవ్వాను. ఈ ఇంట్లో నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

అక్షరాల పట్టిక కుదిరాక పేర్లన్నీ ఒక్కటొక్కటే తెలుగులోకి వచ్చాయి. మా వీధి వచ్చింది, మా ఇల్లు వచ్చింది. మా ఆయన పేరు, ఉద్యోగం టీచరు, ఫోన్ నంబరు. మనిషి పట్టికలో చావుకు గడి లేదు. ఎవరైనా పోతే సమాధి పట్టికలో ఒక వరుస చేరుస్తారు, అంతే. ఆ వరుసకూ ఈ మనిషికీ ముడి లేదు. అందుకే కాగితం ఏటా మా ఇద్దరినీ కలిపి అచ్చేస్తోంది. ఒక పట్టికలో ఆయన సరుగుడు తోపు పక్కన సమాధుల తోటలో పడుకుని ఉన్నాడు. ఇంకో పట్టికలో టీచరుగా పనిచేస్తూ నాతోనే కాపురం చేస్తున్నాడు. నేను ఆ రెండోదాన్ని చాలాసేపు చూశాను. మూసెయ్యబుద్ధి కాలేదు.

అసలు చిక్కు పెళ్లి పట్టిక దగ్గర వచ్చింది. పెళ్లి పట్టికలో ఒక్కో వరుసకు ఇద్దరు మనుషులు ముడిపడి ఉంటారు. అలాంటి ముడి వేసిన ప్రతిచోటా ఫ్రేమ్‌వర్క్ ఒక ప్రశ్నకు జవాబు రాయమంటుంది. ఈ మనిషిని తీసేస్తే, అతనికి ముడిపెట్టిన వరుసను ఏం చెయ్యాలి? అతనితోపాటు దాన్నీ తుడిచెయ్యమంటావా, ఆ గడి ఖాళీగా వదలమంటావా, అసలు అతన్ని తియ్యనివ్వకుండా అడ్డుపడమంటావా? జవాబు లేకుండా ముందుకు కదలదు. ఏళ్ల తరబడి ఎన్ని అప్లికేషన్లలో ఆ జవాబు రాశానో! టీ తాగుతూ రాసేదాన్ని. పాత డేటాబేసును చదివేటప్పుడు మాత్రం ఆ కమాండ్ మనల్ని అడగదు, ప్రతి ముడి దగ్గరా తానే ఒక జవాబు రాసేస్తుంది. 'ఏమీ చెయ్యకు.' మా పెళ్లి ఉన్న పట్టిక దగ్గర కూడా అదే రాసింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి ఎవరున్నారు, గట్టిగానే ఏడ్చాను. ఆయన పోయాక నేను చేసింది అదే. ఏమీ చెయ్యలేదు.

కానీ సెక్రటరీ చెప్పిన పని మిగిలే ఉంది. సమాధి పట్టికలోని పేర్లను మనుషుల పేర్లతో, వీధులతో పోల్చి, ఇద్దరిలో ఒకరు పోయిన పెళ్లిళ్లు జాబితాలో రాకుండా ఒక షరతు రాశాను. రాసింది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలంటే నాకు ఖాయంగా తెలిసిన వరుస ఒకటి కావాలి. తెలిసింది మాదే. మా పెళ్లి తేదీ కొట్టి నడిపాను. తెరమీద ఏమీ రాలేదు. షరతు పనిచేసింది. పనిచేసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

కొత్త జాబితా టీవీలో మొదలైన కొన్నాళ్లకు ఎండుచేపల అవ్వ పెళ్లిరోజు వచ్చింది. ఆమెది మా సంఘమే, ఊరూరూ తిరిగి ఎండుచేపలు అమ్ముతుంది. మొగుడు పోయి చాలాకాలం అయింది. ఆ ఆదివారం కొత్త చీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. సెక్రటరీ టీవీలో పడిన పేర్లన్నీ చదివాడు, ప్రార్థన అయింది, పాట మొదలైంది. అవ్వ కానుక కవరు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది. నేను చివరి వరుసలో టీవీ నడిపే కంప్యూటర్ దగ్గర ఉండి చూశాను. మా ఆయన పోయాక పెళ్లిరోజుల పేర్లు చదివేటప్పుడు నేను తలెత్తి చూసింది లేదు, అందుకే నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం మా ఇంటికి వచ్చినప్పుడు అర్థమైంది.

అవ్వ గేటు దగ్గర ఆగే రకం కాదు. నేరుగా లోపలికొచ్చి హాల్లో కింద కూలబడింది. "ఏమే, టీవీలోంచి నన్ను పీకేసినావంట?"

"నేను పీకలేదవ్వా. చనిపోయినోళ్ల పేర్లు రాకూడదన్నారు."

"నేను చచ్చినానా?"

"తాత పేరు..."

"వాడు చచ్చినాడని నాకు దెలీదా? పాతిపెట్టింది నేనే గదా!" అవ్వ కవరును నేలమీద కొట్టింది. "ఏటేటా చదివేటోళ్లు. ఏటేటా లేచి నిలబడేదాన్ని. ఒక్కరన్నా అడ్డం చెప్పినారా? టీవీ వచ్చినాక నా పెండ్లి గూడా పోయిందా?"

నాకూ కోపం వచ్చింది. పని చేసిపెట్టింది చాలక తిట్లు కూడానా! "పోయినోళ్ల పేరు చదివితే బాగుంటదా అవ్వా, నువ్వే చెప్పు."

"సమాధుల పండగ నాడు పోయినోళ్ల పేర్లు చదవరా? ఆ పొద్దు బాగుంటదా?" అంది. అంతలోనే ఆమె గొంతు తగ్గింది. "బతికున్నన్నాళ్లూ వాడు ఒక్కనాడు నా పక్కన నిలబడింది లేదు పాపా. అయితే సముద్రం మీద, లేకుంటే సారాకొట్టు కాడ. పేరు చదివితే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, ఒక్కదాన్నే పోయి నిలబడేదాన్ని. పోయినాకనే గదా, ఇంక యాడికీ పోకుండా నా పక్కకొచ్చినాడు. దాన్ని గూడా తీసేస్తే ఎట్టా?"

లేచి కాఫీ పెట్టాను. తాగి, చక్కెర తక్కువైందని వంక పెట్టింది. గ్లాసు కింద పెడుతూ, "నీ పెండ్లిరోజెప్పుడు? మీ ఆయన పోయినాక నువ్వు నిలబడంగా చూళ్లేదే" అంది.

"ఆ వారం నెల్లూరు పోతానవ్వా."

"ఏముండాది నెల్లూర్లో?"

"పని."

"ఊఁ" అంది అవ్వ. ఆమె వెళ్లాక హాలంతా ఎండుచేపల వాసన. కిటికీలు తెరవబుద్ధి కాలేదు. నాకు ఆమె మీద కోపం కాదు, అసూయ. తన పెళ్లిరోజుకు ఆమె ఏటా కొత్త చీర కట్టుకుని మొగుడి పక్కన నిలబడింది, నా పెళ్లిరోజుకు నేను నెల్లూరు హోటల్లో దోసె తింటూ కూర్చున్నాను.

సెక్రటరీ మళ్లీ గేటు దగ్గరికి వచ్చినప్పుడు, "లోపలికొస్తే చెప్తా. వీధిలో చెప్పే మాట కాదు" అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, వరండా మెట్టు మీద కూర్చున్నాడు. అవ్వ సంగతి చెప్పాను. ఒకరు పోయినంత మాత్రాన పెళ్లిని తీసెయ్యడానికి మనమెవరం, ఉన్నవాళ్లను అడుగుదాం అన్నాను. ఆయన తల గోక్కున్నాడు.

"అడగక్కా. కమిటీకి నేను చెప్పుకుంటా. ఏమీ చెప్పనోళ్లుంటే?"

"నువ్వే చెప్పు."

"పాత పద్ధతే. చదివేస్తాం."

పాత డేటాబేసులో కొత్త గడి చేర్చకూడదు కాబట్టి నా వైపు ఒక చిన్న పట్టిక పెట్టాను. పెళ్లి నంబరు, దాని పక్కన చదవాలా వద్దా. ఎవరూ జవాబు చెప్పకపోతే చదవాలి. తర్వాత ఎవరెవరి జోడు పోయిందో వాళ్ల ఇళ్లకు వెళ్లి అడిగాను. ఫోన్లో అడిగే మాట కాదది. రిటైరైన లారీ డ్రైవరొకాయన, "తీసెయ్ తల్లీ. పేరు వింటే ఇంటికొచ్చి అన్నం తినలేను" అన్నాడు. ఒకావిడ, "చదవండి గానీ, టీవీలో మా ఆయన పేరే ముందు పడాల" అని షరతు పెట్టింది. ఒక ఇంట్లో చిన్నవయసు పిల్ల. ఆమెను అడిగితే అత్త జవాబు చెప్పింది: "మేమే ఇంకో సంబంధం చూస్తుండాం, ఇంక అదెందుకమ్మా?" వంటింట్లోంచి ఆ పిల్ల తలూపింది. నిజంగా ఊపిందో, అత్త ముందు ఊపిందో నాకు తెలియలేదు. వద్దు అనే ఎక్కించాను, ఇప్పటికీ అది నన్ను కుడుతూనే ఉంది. అందరూ కూర్చోమన్నారు, టీలిచ్చారు. అందరినీ నేను అడిగాను. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగే మనిషిని నేనే కదా. ఆ చిన్న పట్టికలో అందరి వరుసలూ నిండాయి. మాది అలాగే వదిలేశాను.

మా ఆదివారం వచ్చింది. పొద్దున్నే లేచి నెల్లూరు సంచి సర్దుకున్నాను కూడా. బస్టాండు దాకా వెళ్లి, టీవీ మధ్యలో ఆగిపోతే ఎవరు చూస్తారు అని నాకు నేను చెప్పుకుని వెనక్కి వచ్చాను. అది సాకు. ఆ టీవీ ఎప్పుడూ ఆగలేదు. నాకు ఉండాలనిపించింది, అంతే.

మా పాస్టర్ అయ్యగారు ఆ రోజు వేరే ఊరి సంఘానికి వెళ్లారు. ఆయన బదులు కావలి వైపు నుంచి ఒక పెద్దాయన ప్రసంగానికి వచ్చారు, మాలో ఎవరూ ఆయనకు తెలియరు. సెక్రటరీ జాబితా చదువుతూ ఒకచోట ఆగాడు. టీవీలో మా పేర్లు పక్కపక్కన పడి ఉన్నాయి. ఆయన తలెత్తి వెనక కూర్చున్న నా వైపు చూశాడు. నేను తల ఊపాను. చదివాడు.

ముందు వరుసలోంచి అవ్వ మెడ తిప్పి వెనక్కి చూసింది. నేను లేచాను. కానుక కవరు సర్దుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. చర్చి పొడవునా నడుస్తుంటే మగవాళ్లూ ఆడవాళ్లూ కాళ్లు ముడుచుకుని దారిచ్చారు. వెళ్లి ముందు నిలబడ్డాను. నా కుడిచేతి పక్కన ఆయన నిలబడేంత చోటు, తెలియకుండానే, వదిలి నిలబడ్డాను. "మనం ఏం నేరం చేసినామని నిలబెట్టినారు?" అని నాలో నేనే అనుకున్నాను. నవ్వు రాలేదు.

పెద్దాయన చెయ్యెత్తబోయి ఆగి, టీవీలో ఉన్న రెండు పేర్లూ చూసి, మైకులోనే అడిగారు: "మీ ఆయన రాలేదామ్మా?"

సెక్రటరీ ఆయన వైపు ఒక అడుగు వేశాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపాను.

"లేదయ్యా. నేనొక్కదాన్నే వచ్చినా."

"మంచిదమ్మా" అని ఆయన నా తలమీద చెయ్యి పెట్టారు. నన్ను ముట్టుకున్న మనిషి లేక ఎన్నాళ్లయిందో, ఆ చేతి బరువు కింద తల ఇంకాస్త వంచాను. "ప్రభువా, ఈ బిడ్డ పెండ్లిని దీవించు. ఈ పూట ఈ బిడ్డ పక్కన నిలబడలేకపోయిన భర్తను జ్ఞాపకం చేసుకో. ఆయన ఎక్కడున్నా నీ చేతుల్లో చల్లగా ఉంచు. మళ్లీ ఇద్దరినీ ఒకచోట నిలబెట్టు తండ్రీ."

ఆమెన్ అనాల్సిన సంఘం అనలేదు. పెద్దాయన ఏం జరిగిందో తెలియక కళ్లు తెరిచి అందరినీ చూశారు. అప్పుడు నేనే అన్నాను, ఆమెన్ అని. మైకు దగ్గరగా ఉండటంతో అది బయట స్పీకర్లో వీధి చివరిదాకా వినిపించిందని తర్వాత అవ్వ చెప్పింది.